నామం పెట్టిందెవరు

నాకు అనుమానం ఎక్కువ. ఎవరో అంటే చెప్పడం కాదు, నేనే ఒప్పుకుంటున్నాను. గ్యాస్ సిలిండర్ తూకం వేయించందే సంతకం పెట్టను. టమాటాలు కొనేటప్పుడు పై వరస తీయించి కింది వరస చూస్తాను. రోజూ పాకాల నుంచి తిరుపతికి రైల్లో వెళ్తాను కదా, బ్యాగు ఒళ్లోనే ఉన్నా దాని పట్టీని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంటాను. కుక్కర్ మూడు విజిల్స్ వేస్తే అవి మూడేనా అని నేను ఇంట్లోవాళ్లను అడుగుతానని మా ఆయన నలుగురిలో ఎగతాళి చేస్తుంటాడు. అడుగుతాను, అందులో అబద్ధమేమీ లేదు.

తిరుపతి శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. చెబుతూనే ఏడేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నాను. నా విషయం మైక్రోస్ట్రిప్ యాంటెన్నాల బ్యాండ్‌విడ్త్ పెంచడం. పేరు విని భయపడాల్సిన పని లేదు. బిస్కెట్ అంత పలక ఒకటి, దానికి రెండు వైపులా రాగి రేకు. పై రేకును కావలసిన ఆకారంలో ఉంచి మిగతాది మందులో కరిగించేస్తే అదే యాంటెన్నా. పల్చగా, చవగ్గా ఉంటుంది, ఎక్కడైనా అతికించుకోవచ్చు. దాని జబ్బల్లా ఒకటే, ఇరుకు. ఏ ఫ్రీక్వెన్సీకి చేశామో దానికి పలుకుతుంది, కొంచెం అటూ ఇటూ జరిగితే మూగబోతుంది. ఆ పలికే మేర ఎంత వెడల్పో అదే బ్యాండ్‌విడ్త్.

ఆ వెడల్పు పెంచడానికి లోకంలో చాలామంది చాలా చేశారు. పలక మందం పెంచారు. ఒకదాని మీద ఒకటి పేర్చారు. రాగిలో రకరకాల గాట్లు కోశారు. ఇంగ్లీషు యూ అక్షరం ఆకారంలో గాటు కోయడం అందులో పాత పద్ధతే. ఆ యూ మధ్యలో నిలువుగా ఇంకో సన్నని గాటు పెట్టడం నా సొంతం. ఏడేళ్లలో నాకంటూ మిగిలింది ఆ ఒక్క గీత.

ఆ గీత మీద నా ఉద్యోగం ఆధారపడి ఉంది. డాక్టరేటు లేనివాళ్లను వచ్చే జూన్ తర్వాత కొనసాగించబోమని కాలేజీ వాళ్లు చెప్పేశారు. నా గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి పొడిగించరు. కంప్యూటర్‌లో లెక్క బాగానే వస్తోంది. బోర్డు చేసి కొలిస్తే మాత్రం మామూలు యాంటెన్నాకూ నాదానికీ పెద్ద తేడా కనిపించడం లేదు. కొలతలో కూడా వెడల్పు రావాలి, పేపరు అచ్చు కావాలి, జూన్ లోపు థీసిస్ ఇవ్వాలి.

ల్యాబులో నా పక్క టేబుల్ ఇంకో లెక్చరర్‌ది. చిత్తూరువాడు, నాకంటే ఆరేళ్లు చిన్న. మా ఇద్దరికీ గైడు ఒకరే, మా విభాగాధిపతి అయిన ప్రొఫెసర్ గారు. అతని పని కూడా యాంటెన్నాల మీదే, థీసిస్ దాదాపు పూర్తయింది. చేరిన రెండో రోజు నుంచే నన్ను "అక్కా" అన్నాడు. నేను మాత్రం "సార్" అనే అన్నాను, వరస కలిపితే చనువు పెరుగుతుందని. అతను దేనికీ తాళం వేయడు. బోర్డులు, నోటుపుస్తకం, టిఫిన్ డబ్బా, అన్నీ టేబుల్ మీదే వదిలేసి పోతాడు. అది చూసినప్పుడల్లా నాకు రెండే అనిపించేవి. దాచుకునేంత సరుకు ఇతని దగ్గర లేకపోయి ఉండాలి, లేదంటే ఇది ఎర అయి ఉండాలి.

ఒకరోజు టీ తాగుతూ మామూలుగా అడిగాడు.

"మీ గాటు యాడ పెట్టినారక్కా? కేబుల్ పిన్నుకు దగ్గరగానా, దూరంగానా?"

"ఇంకా ఏమీ అనుకోలేదు సార్," అన్నాను.

ఆ సాయంత్రమే నల్ల చార్టు కొని బోర్డుకు కవరు కుట్టినట్టు చేశాను. అంచులకు నా బ్రౌన్ టేపు అంటించాను. కేబుల్ తగిలించే పిన్ను మాత్రం బయటికి ఉంటుంది. కాగితం పల్చనిదే కాబట్టి కొలతకు అడ్డం కాదు. అప్పటి నుంచి కవరు విప్పకుండానే కొలిచేదాన్ని, పని అయ్యాక అలమరాలో పెట్టి తాళం వేసేదాన్ని. ఆ అలమరాకు ఇంకో తాళంచెవి ఆఫీసులో ఉండేది, అది కూడా నాకు ఇష్టం లేదు.

దసరా సెలవులకు ముందు రోజు ల్యాబులో ఆయుధపూజ చేశాం. మా అటెండరు పెద్దాయన, ఆ ఏడాదితో రిటైరవుతాడు. చంద్రగిరి దగ్గర పల్లె. నుదుటి మీద నామం లేకుండా నేను ఆయన్ని ఎన్నడూ చూడలేదు. పూజ అంటే ఆయనదే పెత్తనం. మీటర్లు, సోల్డరింగ్ కడ్డీలు, కొలత యంత్రం, అన్నిటికీ తుడిచి బొట్లు పెట్టి చామంతులు చుట్టాడు.

"మీ సామాను కూడా ఈండమ్మా. దాన్నొక్కటే యాల వదిలేది?" అని అడిగాడు.

మొదట ఇవ్వననే అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. జూన్ గుర్తొచ్చి, దేవుడి విషయంలో ఎందుకొచ్చిన పంతం అనుకుని కవరుతో సహా చేతిలో పెట్టి, "ఎవరికీ చూపించొద్దు," అని చెప్పాను. గుమ్మడికాయ కొట్టారు, బొరుగులూ బెల్లమూ పంచారు. అందరూ బస్సుల వైపు వెళ్తుంటే నేను బోర్డు తీసుకుని యంత్రం దగ్గర కూర్చున్నాను.

ఆ యంత్రాన్ని నెట్‌వర్క్ అనలైజర్ అంటారు. అది యాంటెన్నాలోకి సిగ్నల్ పంపి, అందులో ఎంత తిరిగి వచ్చిందో గీత గీసి చూపిస్తుంది. తిరిగి రానిది గాలిలోకి వెళ్లినట్టు లెక్క. గీత ఎక్కడ కిందికి దిగితే అక్కడ యాంటెన్నా పలుకుతోందని, ఆ గుంట ఎంత వెడల్పుంటే అంత బ్యాండ్‌విడ్త్ అని మేం చదువుకుంటాం. అన్నాళ్లూ నా గుంట సూదితో పొడిచినట్టు ఉండేది. ఆ మధ్యాహ్నం తెర మీద అది వంగిన పళ్లెంలా పరుచుకుంది. మూడింతలు వెడల్పు. కేబుల్ ఊడదీసి మళ్లీ బిగించి కొలిచాను. మళ్లీ అదే. యంత్రాన్ని సరిచూసే సామానుతో సరిచూసి మళ్లీ కొలిచాను. అదే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చిత్తూరు లెక్చరర్ బ్యాగు తగిలించుకుని వెళ్లబోతూ వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"అబ్బా! ఏందక్కా ఇది, ఇంత వచ్చేసినాది? గెయిన్ కూడా సూసేద్దాం. చెన్నైలో నాకు తెలిసినాయన ఉండాడు, వాళ్ల దగ్గర దానికి గది ఉండాది. సెలవుల్లో బోర్డు పంపిస్తే కొలిచి ఇస్తాడు."

గెయిన్ కొలిస్తే యాంటెన్నా నిజంగా గాలిలోకి ఎంత పంపుతోందో తెలుస్తుంది. మా కాలేజీలో ఆ సదుపాయం లేదు. సలహా సరైనదే. నాకు మాత్రం వెంటనే వచ్చిన ఆలోచన, నా బోర్డు చెన్నై పోతే తిరిగి వచ్చేది నాదేనని నమ్మకమేమిటి అని. "చూద్దాం సార్," అని తెర ఆపేశాను. అందరినీ అనుమానించే నేను నాకు అనుకూలంగా వచ్చిన గీతను మాత్రం అనుమానించలేదు. సెలవుల్లో పాకాలలో ఇంట్లో కూర్చుని పేపరు రాసి, పరిశోధన పత్రికకు పంపేశాను.

సెలవులయ్యాక ప్రొఫెసర్ గారు తన కళ్లతో చూస్తానన్నారు. అలమరా తెరిచి, కవరుతోనే బోర్డు తగిలించాను. తెర మీద పాత సూదిగుంట. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "మళ్లీ ఒకసారి నిదానంగా చూసుకోండమ్మా," అని వెళ్లిపోయారు. నిలబడ్డచోట నేల చీలితే బాగుండుననిపించింది.

అప్పుడు చూశాను టేపు. నేను వేసేది బ్రౌన్ టేపు. ఒక అంచున తెల్లగా మెరిసే మామూలు టేపు ఉంది. కవరు చింపేశాను. రాగి తళతళా మెరుస్తోంది. నా బోర్డు చేసి నాలుగు నెలలు, చేతి తడికి నల్లబడి ఉండేది. ఇది నిన్న చేసినట్టుంది. గాట్లు అచ్చం నావే, బోర్డు మాత్రం నాది కాదు. ఎవరో నాది తీసుకుని, ఇంకోటి చేసి పెట్టారు. ఇలాంటిది చేయడం చేతనైనవాడు, ఆ గీతను తెర మీద చూసినవాడు, బోర్డు చెన్నైకి పంపమని అడిగినవాడు ఒక్కడే ఉన్నాడు. లెక్క ఎంత చక్కగా కుదిరిందో!

ఆ పూటే ఒక పేజీ నిండా ఫిర్యాదు రాసి, సంతకం పెట్టి, ప్రొఫెసర్ గారికి ఇచ్చాను. ఆయన ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. ఆయన కాగితం పైకి చదువుతుంటే అతని ముఖంలో రంగు పోవడం నేను చూశాను. దొరికిపోయాడనుకున్నాను.

"నేను ముట్టలేదు సార్," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "అక్కా, మీరే చెప్పండి. నేను అట్లా చేసేవాడినా?"

"నీకు కాక ఇంకెవరికి అవసరం?" అన్నాను. అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

విచారణ అయ్యేదాకా అతన్ని ల్యాబుకు రావద్దన్నారు, అతని థీసిస్ ఆపేశారు. విచారణ కమిటీ వేస్తామన్నారు కానీ ఎవరూ కూర్చోలేదు. నెల తిరిగేసరికి అతను ఉద్యోగం వదిలేశాడు. తమిళనాడు సరిహద్దున తడ దగ్గర ఏదో ఫ్యాక్టరీలో, వస్తువులు బాగున్నాయో లేదో చూసే పనిలో చేరాడని విన్నాను. పక్క టేబుల్ ఖాళీ అయింది. నాకేమీ బాధ కలగలేదు. కలగలేదని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

చలికాలం వచ్చింది. కొత్త బోర్డులు రెండు చేయించాను. రెండూ సూదిగుంటలే. పత్రిక నుంచి పేపరు దాదాపు ఒప్పుకున్నట్టే ఉత్తరం వచ్చింది, చిన్న సవరణలు అడిగారు. ఒక మధ్యాహ్నం ల్యాబులో కూర్చుని ఫోన్లో మా ఆయనతో గోడు వెళ్లబోసుకుంటున్నాను. అటెండరు పెద్దాయన కిటికీలు తుడుస్తున్నాడు.

"మూడేండ్లు పక్కనే కూసున్నాడు. అక్కా అక్కా అనుకుంటానే నాకు నామం పెట్టి పోయినాడు!" అన్నాను.

మోసం చేశాడని చెప్పడానికి మనందరం అనే మాటే. ఫోను పెట్టేసి చూస్తే పెద్దాయన గుడ్డ చేతిలో పట్టుకుని నా ముందు నిలబడి ఉన్నాడు.

"ఆ సారు కాదమ్మా," అన్నాడు. "ఆయన్ని అనొద్దండి. నామం పెట్టింది నేను."

"ఏమిటి?"

"మీ బిళ్లకు. పూజ దినం. నల్ల కవరు విప్పితే లోపల రాగి పైన సామి నామం గీసుండాది. ఈ అమ్మకు ఎంత భక్తి అనుకొన్నాను. ఉత్త గీత యాల ఉండాల అని తిరుమణి తడిపి నిండుగా దిద్దినాను. నడాన తిరుచూర్ణం పెట్టినాను. కండ్లకద్దుకొని మళ్లా కవరు మూసేసినాను."

తిరుమణి అంటే నామానికి వాడే తెల్లమట్టి, తిరుచూర్ణం మధ్యలో ఎర్రగీతకు. నేను కొత్త బోర్డుల్లో ఒకటి తీసి చూశాను. యూ, దాని మధ్యలో నిలువుగీత. తిరుపతిలో ఏ గోడ మీద చూసినా, ఏ బస్సు అద్దం మీద చూసినా, ఎదురుగా ఉన్న ఈయన నుదుటి మీద చూసినా అదే. ఏడేళ్లు దాన్ని గీసీ కోసీ కొలిచీ, ఒక్కనాడైనా నాకు తట్టలేదు. యాంటెన్నాల సంగతి తెలియని ఎవరికైనా చూపించి ఉంటే మొదటి మాటలోనే చెప్పేవాళ్లు.

"సెలవులైనాక, మీరు రాకముందే, ఆఫీసు తాళంచెవితో అలమరా తీసి సూస్తే ఎండి పెచ్చులు లేచిపోయినాది," అంటున్నాడు ఆయన. "రాగి పైన పచ్చగా మరకలు. మీరు తిడతారని చింతపండేసి తోమినాను. రాగి సెంబు మాదిరి వచ్చేసినాది. మీ టేపు దొరకలేదు, నాకాడ ఉండే టేపేసినాను."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అరిచాను.

"ఎవురో బిళ్ల మార్చేసినారు అన్నారు కదమ్మా. నేను మార్చలేదు కదా. నన్నెవురూ అడగనూ లేదు."

నిజమే, ఆయన్ని ఎవరూ అడగలేదు. ముందు నాకేమనిపించిందో దాచను. చిత్తూరతను ఈయన్ని ఒప్పించి ఈ కథ చెప్పిస్తున్నాడేమో అనుకున్నాను. అందుకే పాత బోర్డు తీసి, యంత్రానికి తగిలించి, "మళ్లీ పెట్టు," అన్నాను. ఆయన డబ్బాలోంచి తిరుమణి తీసి అరచేతిలో తడిపి, చేయి వణకకుండా దిద్దాడు. తెర మీద గీత నా కళ్లముందే పరుచుకుంది, పళ్లెంలా. పైన ఫ్యాను తిరుగుతోంది. మట్టి ఆరేకొద్దీ పళ్లెం అంచులు దగ్గరికి వచ్చాయి. గంటలోపు సూదిగుంట మిగిలింది. ఆయన నా పక్కనే నిలబడి ఏమీ అర్థం కాక, తప్పయిపోయిందా అమ్మా అని రెండుసార్లు అడిగాడు.

సిగ్నల్ తిరిగి రాలేదంటే గాలిలోకి వెళ్లిందని నేను నమ్మాను. తడిమట్టి దాన్ని మింగి వేడిగా మార్చుకుంది, అంతే. అలాంటి వెడల్పు ఎందుకూ పనికిరాదు. గెయిన్ కొలిచి ఉంటే ఒక్కరోజులో తేలిపోయేది. కొలుద్దామన్న మనిషినే నేను దొంగను చేశాను.

చెప్పేస్తే పేపరు పోతుంది. పేపరు పోతే జూన్ నాటికి నా చేతిలో ఏమీ ఉండదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, పెద్దాయనకు దాని అర్థం తెలియదు, రిటైరై వెళ్లిపోతాడు. తొమ్మిది రోజులు నోరు మూసుకుని తిరిగాను. ఆ తొమ్మిది రోజులూ క్లాసులో పిల్లలు నవ్వితే నన్ను చూసే నవ్వుతున్నారనిపించేది. పదో రోజు పత్రికకు రాసి పేపరు వెనక్కి తీసుకున్నాను, ప్రొఫెసర్ గారి గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన చాలాసేపు బల్ల మీద వేలితో కొట్టారు. "అతను ఎలాగూ వెళ్లిపోయాడు. దీన్ని ఇంతటితో వదిలేయండి, మీకే మంచిది," అన్నారు. నా ఫిర్యాదు కాగితం అతని ఫైల్లోనే ఉండిపోయింది.

ఆదివారం తడ బస్సెక్కాను. వస్తున్నానని ముందు ఫోన్ చేస్తే, "రండి మేడమ్," అన్నాడు. హైవే పక్కన టీకొట్టు దగ్గర కలిశాడు. యూనిఫాం చొక్కాలో సన్నబడ్డాడు. నేను నామం సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. తప్పు నాదని చెప్పాను. తిరుమణి దగ్గర ఒకసారి అతని పెదవి కదిలింది, నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"సార్‌కి చెప్పినారా?"

"చెప్పినాను."

"రాసిచ్చినారా?"

లేదన్నట్టు తల ఊపాను.

"నా మీద రాసిచ్చినారు కదా మేడమ్. సంతకం పెట్టి. ఇది మాత్రం నోటితో చెప్పేసినారా?"

అంత దూరం వచ్చినదాన్ని, నాకు ఆ ఆలోచనే రాలేదు. బ్యాగులో తెల్లకాగితం ఉంటే తీసి, టీకొట్టు బల్ల మీద పెట్టి రాశాను. తీసుకుని ఒక్కో లైనూ వేలు పెట్టి చదివాడు.

"పొరపాటు జరిగింది అని రాసినారు. ఎవరి పొరపాటు?"

"నా" అని చేర్చాను. తేదీ వేయమన్నాడు, వేశాను. సంతకం పొట్టిగా ఉందని పూర్తి పేరు రాయమన్నాడు. తర్వాత ఫోను తీసి కాగితానికి రెండు ఫొటోలు తీసుకున్నాడు. అది చాలక టీకొట్టతన్ని పిలిచి తమిళంలో ఏదో చెప్పాడు. అతను చేతులు తుడుచుకుని వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, నా సంతకం కింద సాక్షిగా తమిళంలో సంతకం చేశాడు.

"మీరు వెళ్లి కాదంటే నాకు ఎవరూ ఉండరు మేడమ్," అన్నాడు, తప్పు చేస్తున్నవాడిలా చూపు దించుకుని.

థీసిస్ మళ్లీ తీసుకోమని ప్రొఫెసర్ గారిని నేనే అడుగుతానన్నాను. బస్సు వచ్చేదాకా ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడనుకున్నాను. పెట్టుకోలేదు. నేను ఎటువైపు నిలబడితే దానికి అవతలి చేతిలోకి మార్చుకుని, నేను బస్సెక్కి కూర్చునేవరకు గట్టిగా పట్టుకునే ఉన్నాడు, లాక్కుంటానేమోనని.